బంతి వెంట భాగ్యనగరం – 4వ భాగం: మాస్టారి తొలి సీజన్

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఒక బడిపంతులు చేతికి వచ్చింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికి ఆయన వయసు నలభై ఏళ్లు. దేశమంతా ఆయన్ను రహీం సాబ్ అని పిలుచుకునే రోజులు ఇంకా రాలేదు. ఆ సీజన్ ముగిసేసరికి బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు రెండూ ఆ జట్టు వశమయ్యాయి. అప్పట్లో దేశంలోని అతి పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంట్లు మూడు. మూడోది కలకత్తాలో జరిగే ఐఎఫ్ఏ షీల్డు. కొత్త శిక్షకుడి మొదటి ఏడాదిలోనే మూడింట రెండు చేతికి రావడంతో, కలకత్తాయే ఫుట్‌బాల్ రాజధాని అన్న నమ్మకానికి దక్షిణాది నుంచి గట్టి సవాలు ఎదురైంది.

సికింద్రాబాద్ కంటోన్మెంటులోని బ్రిటిష్ పటాలాల నుంచి ఈ ఆట నగరంలోకి ఎలా పాకిందో, సిటీ అఫ్గాన్స్ పేరుతో ఆడిన ఆటగాళ్లు సిటీ పోలీస్ జట్టుగా ఎలా మారారో గత భాగంలో చూశాం. నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ శిక్షణలో ఆ జట్టు 1940లలో నగరం దాటి పేరు తెచ్చుకుంది. ఆటగాళ్లకు దమ్ము, దూకుడు అలవడ్డాయి. దేశస్థాయి పెద్ద కప్పులు మాత్రం ఇంకా అందలేదు. ఆ లోటు తీరిన ఏడాది కథ ఇది.

కొలువు మారిన నగరం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఏడాదికి పైగా మిలిటరీ గవర్నర్ జయంతోనాథ్ చౌధురి పాలన సాగింది. 1950 జనవరి 26 నుంచి నిజాం గవర్నర్ హోదాకు సమానమైన రాజప్రముఖ్ అయ్యాడు. సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి పదవిలో కూర్చున్నారు. పాత సంస్థానం పోయి భారత రాష్ట్రం వచ్చింది.

ఈ మార్పు నగరంలో ప్రతి గడపనూ తాకింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వాటిని నమ్ముకుని బతికిన కుటుంబాలు కొత్త బతుకుదారులు వెతుక్కోవలసి వచ్చింది. పాత సర్కారులో పనిచేసినవారికి కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని కాలం అది. ఉర్దూలో నడిచిన కచేరీలు ఇంగ్లిషు వైపు తిరిగాయి. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. పోలీసు శాఖ ఊపిరాడని పనిలో ఉంది.

ఇలాంటి కాలంలో ఆ శాఖలో ఫుట్‌బాల్ జట్టు నిలవడమే విశేషం. దానికి బలమైన కారణం ఉంది. నగరంలోని ఆటగాళ్లలో ఎక్కువమంది పేదింటి పిల్లలు, చిన్న ఉద్యోగుల బిడ్డలు. ఆటకు జీతం లేదు. అప్పటి నియమాల ప్రకారం ఫుట్‌బాల్ అమెచ్యూర్ క్రీడ. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు. అయితే ఆటగాడికి కొలువిచ్చి, ఆడుకునే వీలు కల్పించడానికి ఏ అడ్డూ లేదు. పోలీసు శాఖ చేసింది అదే. జవానుగా చేరిన కుర్రాడికి నెలనెలా జీతం, ఒంటికి యూనిఫాం, ఇంటికి పరువు దక్కేవి. తెల్లవారుజామున కవాతు చేసే అలవాటు ఉన్న శాఖలో ఒంటిని గట్టిపరచుకోవడం వేరే పని కాదు, ఉద్యోగంలో భాగమే. కలకత్తా క్లబ్బులను వేలమంది సభ్యులు, వ్యాపారులు, జమీందారులు పోషించారు. హైదరాబాద్ ఆటగాణ్ని పోషించింది సర్కారీ కొలువు.

ఆ జీతం హాలీ సిక్కాలో అందేది. హైదరాబాద్ సొంత నాణెం అప్పటికింకా చెలామణీలో ఉంది. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానం. రోవర్స్ కప్పు ఆడటానికి బొంబాయి వెళ్లే హైదరాబాదీకి ఊరు దాటాక డబ్బు కూడా మారిపోయేది. బొంబాయి రైలు దారి వాడి జంక్షన్ మీదుగా. నిజాం స్టేట్ రైల్వే అక్కడితో ఆగి, ఆ పైన షోలాపూర్, పూనా మీదుగా గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే పట్టాలు మొదలయ్యేవి. ఢిల్లీకి దారి కాజీపేట, బల్హార్షా, నాగపూర్ మీదుగా సాగేది. రెండు టోర్నమెంట్లూ సొంత గడ్డకు చాలా దూరం. చూడవచ్చే జనంలో హైదరాబాద్ జట్టు తరఫున కేకలు వేసేవారు తక్కువ.

ఊళ్లో మాత్రం ఆటకు కొదవ లేదు. ఫతే మైదాన్, గోషామహల్, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్, నిజాం అరబ్బు సైనికుల బ్యారక్‌ల నుంచి పేరు పొందిన బార్కస్, మల్లేపల్లి చుట్టుపక్కల ఖాళీ స్థలాలు సాయంత్రం అయ్యేసరికి కుర్రకారుతో నిండిపోయేవి. చాలామందికి బూట్లు లేవు, ఉత్త కాళ్లతోనే ఆట. ఆట అయ్యాక ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరు పంచుకుంటూ ఎవరి కాలు ఎంత వాటమో తేల్చుకునేవారు.

పాఠం చెప్పే మనిషి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడి జట్టులో ఆడారు. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పినట్టే, మధ్యతరగతి కుర్రాళ్లకు క్రమబద్ధమైన క్రీడలనూ పరిచయం చేసింది. కంటోన్మెంటు గోరాల ఆటగా ఉన్న ఫుట్‌బాల్‌ను చదువుకున్న హైదరాబాదీ తనదిగా చేసుకున్న చోట్లలో ఉస్మానియా ముఖ్యమైనది.

చదువు పూర్తయ్యాక రహీం ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని బడుల్లో ఆటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఈ రెండు పనులూ కలిసి ఆయన్ను మలిచాయి. బడిలో రోజూ కనిపించేది సగటు పిల్లవాడు. అందరికంటే చురుకైనవాడికి పాఠం చెప్పడం తేలిక. వెనక బెంచీ కుర్రాడికి ఎక్కించడమే పంతులు పని. ఆ ఓర్పు ఆయనకు వృత్తి నుంచి అబ్బింది. సంఘం కార్యదర్శిగా నగరంలోని ప్రతి క్లబ్బు, ప్రతి మైదానం, ప్రతి మొలక ఆటగాడు ఆయనకు తెలుసు. అందువల్ల 1950లో సిటీ పోలీస్ జట్టును చేపట్టేనాటికి ఆయన కొత్తవాడే అయినా, ఆటగాళ్లు మాత్రం ఆయనకు కొత్త కాదు. ఎవరి కుడికాలు బలం, ఎవరికి తలతో ఆడటం బెరుకు, ఎవరు కోపంలో తప్పులు చేస్తారు అన్న లెక్కంతా ఆయన మనసులో ఉండేది.

ఎడమ కాలి పాఠం

ఆ రోజుల్లో మన దేశంలో గొప్ప ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. జనం చప్పట్లు కొట్టేది ఆ డ్రిబ్లింగ్‌కే. గోల్ దగ్గర సహచరుడు ఖాళీగా నిలబడి ఉన్నా బంతి వదలని ఆటగాణ్ని తప్పుపట్టేవారు తక్కువ. రహీం ఈ అలవాటునే మార్చడానికి పూనుకున్నారు. ఉపన్యాసంతో మార్చలేమని ఆయనకు తెలుసు. అలవాటు మారాలంటే ఆట నియమాన్నే మార్చాలి.

ఆయన పేరుతో హైదరాబాద్‌లో స్థిరపడిన పద్ధతులు మూడు. మొదటిది డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి, కాలి దగ్గర ఉంచుకుని ముందుకు నడిపించకూడదు. ఇలా ఆడేవాడు బంతి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. రాకముందే తలెత్తి చూసి, ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టి ఉండాలి. మిగిలినవారూ ఊరికే నిలబడటానికి లేదు. బంతి ఉన్నవాడికి దారి చూపడానికి ఖాళీలోకి పరుగెత్తాలి. ఒక్క నియమంతో చూపు, పరుగు, పాస్ మూడూ వచ్చేశాయి.

రెండోది బలహీనమైన కాలితో ఆడే టోర్నమెంటు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే కొట్టాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది. చేయి తిరిగిన ఆటగాడు కూడా అక్షరాలు దిద్దే పిల్లాడిలా తడబడతాడు. వారాల తరబడి అదే పనిగా ఆడితే ఆ కాలికీ గురి కుదురుతుంది. దీనివల్ల మ్యాచ్‌లో ఒక్క క్షణం మిగులుతుంది. ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకునేవాడు ఆ క్షణం పోగొట్టుకుంటాడు, ఆ లోపు ఎదుటి ఫుల్ బ్యాక్ వచ్చి మీద పడతాడు. రెండు కాళ్లూ ఆడేవాడికి ఆ మార్పిడి అక్కర్లేదు. అతను ఏ వైపు తిరుగుతాడో ఎదుటివాడికి అంతు చిక్కదు.

మూడోది ఎత్తు పరిమితి పెట్టి కుర్రాళ్లకు జరిపిన టోర్నమెంట్లు. ఫలానా ఎత్తు మించినవారికి అందులో ప్రవేశం లేదు. వయసు చెప్పే కాగితాలు చాలామంది పిల్లల దగ్గర లేని కాలంలో ఎత్తు కొలిచి చూడటం నిజాయతీ గల పద్ధతి. పొట్టి పిల్లలు దేహబలంతో తోసుకుపోయేవారి కింద నలిగిపోకుండా, నైపుణ్యాన్ని నమ్ముకుని ఆడే అవకాశం వీటివల్ల దొరికింది. సిటీ పోలీస్ జట్టుకు తర్వాతి తరం ఇలాంటి పోటీల్లోనే తయారైంది.

వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. విదేశీ పరికరాలు, గడ్డి పరిచిన స్టేడియంలు, విద్యుద్దీపాలు అక్కర్లేదు. బంతి, మైదానం, నియమం పట్టించే పెద్దమనిషి ఉంటే చాలు. పేద నగరానికి సరిపోయే పాఠ్యప్రణాళిక ఇది.

శిక్షకుడి పని ఆనాడు ఎంత కష్టమో గుర్తుంచుకోవాలి. ఇప్పటిలా ఆట మధ్యలో అలసినవాణ్ని దించి మరొకణ్ని పంపే వీలు లేదు. బరిలో దిగిన పదకొండుమందే చివరిదాకా ఆడాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే పదిమందితోనే నెట్టుకురావాలి. విజిల్ మోగాక శిక్షకుడు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆయన చెప్పవలసినదంతా ముందే చెప్పి, ఆటగాళ్ల ఒంట్లో ఇంకిపోయేలా చేయాలి. అందుకే ఆ కాలానికి పంతులు స్వభావం ఉన్న మనిషి అతికినట్టు సరిపోయారు.

1950 నాటి దేశపు ఆట

ఆ ఏడాది భారత ఫుట్‌బాల్ ఒక కూడలిలో ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడిన మన జట్టు ఫ్రాన్స్ చేతిలో 1-2 తేడాతోనే ఓడి మెప్పు పొందింది. 1950 వేసవిలో బ్రెజిల్‌లో ప్రపంచ కప్పు జరిగింది. పోటీదారులు తప్పుకోవడంతో భారత్‌కు అర్హత దానంతటదే వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జట్టును పంపలేదు. అలాంటి అవకాశం మళ్లీ రాలేదు.

దేశంలో ఆటకు కేంద్రం కలకత్తా. 1911లో మోహన్ బగాన్ దాదాపు అందరూ ఉత్త కాళ్లతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచినప్పటి నుంచి అక్కడ ఫుట్‌బాల్ ఆత్మగౌరవానికి గుర్తు. 1949లో ఈస్ట్ బెంగాల్ జట్టు కలకత్తా లీగు, ఐఎఫ్ఏ షీల్డు, రోవర్స్ కప్పు మూడూ ఒకే ఏడాది కొట్టింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలోనూ బెంగాల్‌దే పైచేయి. 1949-50 ఫైనల్లో హైదరాబాద్ జట్టు బెంగాల్ చేతిలో 0-5తో చిత్తుగా ఓడింది. ఆ ఐదు గోల్స్ గాయం మానకముందే కొత్త సీజన్ మొదలైంది.

రహీం చేతికి వచ్చిన జట్టులో సరుకు ఉంది. రక్షణలో సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, మధ్యలో అలుపెరగని హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్, దాడిలో మొయినుద్దీన్, లాయిక్. వీరిలో అజీజుద్దీన్, నూర్, మొయినుద్దీన్ రెండేళ్ల తర్వాత ఒలింపిక్స్‌లో దేశానికి ఆడినవారు. వీరికి లేనిదల్లా ఒకరి ఆటను మరొకరు ముందే పసిగట్టే కూర్పు. ఒకే శాఖలో కొలువు, ఒకే మైదానం, ఏడాది పొడవునా కలిసి సాధన ఉన్నందువల్ల ఆ కూర్పు త్వరగా కుదిరింది. రాష్ట్ర జట్టు టోర్నమెంటుకు ముందు మాత్రమే కలుస్తుంది. పోలీస్ జట్టు రోజూ కలుస్తుంది.

కూపరేజ్‌లో

రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో మొదలైంది. ఎన్నో ఏళ్లు అది బ్రిటిష్ పటాలాల సొత్తు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచి ఆ ఆనవాయితీని తెంచింది. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక గోరా పటాలాలు ఓడలెక్కి వెళ్లిపోయాయి. బరిలో మిగిలింది కలకత్తా క్లబ్బులు, బెంగళూరు జట్లు, భారత సైనిక దళాలు, బొంబాయి మిల్లులు, కంపెనీల జట్లు.

పోటీ జరిగిన కూపరేజ్ మైదానం దక్షిణ బొంబాయి నడిబొడ్డున ఉంది. బొంబాయి జనం ఆట తెలిసినవారు. ఏ జట్టుకూ పుట్టుకతో అభిమానులు కారు గాని, మంచి పాస్ పడితే ఎవరిదని చూడకుండా మెచ్చుకునేవారు. నేల మీద చకచకా పాస్‌లు ఇచ్చుకుంటూ సాగే హైదరాబాద్ ఆటకు అలాంటి ప్రేక్షకులు దొరకడం కలిసొచ్చింది. నాకౌట్ పోటీలో ఒక్క ఓటమి చాలు, ఇంటి దారి పట్టాలి. సిటీ పోలీస్ ఒక్కో గండం దాటి ఫైనల్‌కు చేరింది. ఫైనల్లో ఆర్యన్ జింఖానాను ఓడించి రోవర్స్ కప్పును తొలిసారి హైదరాబాద్‌కు తెచ్చింది.

ఈ గెలుపు విలువ ఆనాడు పూర్తిగా తెలియలేదు. ఒక పోలీసు జట్టుకు ఒక ఏడాది కలిసొచ్చిందని అనుకోవడానికి ఆస్కారం ఉంది. ఆ అనుమానం తీరాలంటే మరో పెద్ద వేదిక కావాలి. శీతాకాలంలో ఢిల్లీ ఆ వేదిక అయింది.

ఢిల్లీలో రెండు ఫైనళ్లు

డ్యూరాండ్ కప్పు దేశంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ టోర్నమెంటు. బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ పేరుతో 1888లో సిమ్లా కొండల్లో మొదలైంది. 1940లో ఢిల్లీకి మారింది. ఆ ఏడాది మహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి, ఆ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచింది. తర్వాత యుద్ధం, ఆ పైన దేశ విభజన వల్ల పోటీ ఆగిపోయింది. విభజన వేళ సైన్యం ఆస్తులు పంచుకుంటుంటే ఈ కప్పు ఎవరిదన్న ప్రశ్న కూడా లేచింది. దాన్ని ఢిల్లీలో బ్యాంకులో భద్రపరిచారు. స్వతంత్ర భారతదేశంలో తొలి డ్యూరాండ్ 1950లో జరిగింది. గెలిచే జట్టుకు కప్పుతో పాటు ఒక తొలి ఘనత కూడా దక్కే ఏడాది అది.

ఫైనల్లో హైదరాబాద్ సిటీ పోలీస్‌కు ఎదురుగా నిలిచింది మోహన్ బగాన్. 1911 పేరు ఒక వైపు, శైలేన్ మన్నా వంటి దిగ్గజ ఫుల్ బ్యాక్ మరో వైపు. 1948 ఒలింపిక్స్ ఆడిన మన్నా ఫ్రీ కిక్ కొడితే గోల్ కీపర్లు బెదిరిపోయేవారు. బలం, పేరు, అనుభవం ఏది చూసుకున్నా కలకత్తా జట్టే మొగ్గు.

మొదటి మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ రోజుల్లో పెనాల్టీ షూటౌట్ అన్న మాట లేదు. సమానమైతే ఇంకో రోజు మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే. రీప్లేలో పరీక్ష మారుతుంది. మొదటి మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఎత్తులన్నీ ఇద్దరికీ తెలిసిపోతాయి. కొత్తగా దాచుకున్నది ఏమీ ఉండదు. ఒళ్లు నొప్పులతో, దెబ్బలతో బరిలో దిగాలి. అక్కడ నిలిచేది దమ్ము, క్రమశిక్షణ, ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం. రహీం శిక్షణలో గట్టిపడినవి సరిగ్గా ఇవే. రీప్లేలో సిటీ పోలీస్ 1-0తో గెలిచింది.

ఆ ఒక్క గోల్‌తో దక్షిణాది జట్టు ఒకటి స్వతంత్ర భారతంలో తొలి డ్యూరాండ్ విజేత అయింది. ఒకే సీజన్‌లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ దక్కాయి. కలకత్తా పత్రికలు, క్లబ్బులు ఇక హైదరాబాద్‌ను లెక్కలోకి తీసుకోక తప్పలేదు.

ఇంకా కూలని గోడ

సీజన్ అంతా గెలుపులే అనుకుంటే కథ సగమే చెప్పినట్టు. 1950-51 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో హైదరాబాద్, బెంగాల్ మళ్లీ తలపడ్డాయి. హైదరాబాద్ మళ్లీ ఓడింది. ఈసారి తేడా ఒకే ఒక్క గోల్, 0-1. ఏడాది కింద ఐదు గోల్స్ తిన్న జట్టు, అదే బెంగాల్‌ను ఒక్క గోల్ దాకా నిలువరించింది. ఓటమిలో కూడా ఎదుగుదల కొలవగలిగితే ఈ రెండు అంకెలు చాలు. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు రావడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది. 1956-57లో, మరుసటి ఏడాది 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచింది. 1950లో వేసిన విత్తనం కాపుకు రావడానికి అంత కాలం అవసరమైంది.

ఎందుకు గెలిచారు?

ఈ విజయానికి కారణాలు విడదీసి చూస్తే మొదటిది కొలువు. ఆటగాడికి రేపటి అన్నం గురించి బెంగ లేకపోవడం అన్నిటికీ పునాది. సంస్థానం కూలి వేలమంది దిక్కుతోచక ఉన్న నగరంలో పోలీసు ఉద్యోగం ఆటగాళ్లను ఒక్కచోట కట్టిపడేసింది.

రెండోది ఫ్రూవాల్ వేసిన బాట. రహీం శూన్యంలోంచి జట్టును సృష్టించలేదు. దేహదారుఢ్యం, పోరాట గుణం ఉన్న జట్టు ఆయనకు వారసత్వంగా వచ్చింది. దానికి ఆయన ఆలోచన జోడించారు. మంచి శిక్షకులిద్దరు ఒకరి తర్వాత ఒకరు రావడం ఏ జట్టుకైనా అదృష్టమే.

మూడోది నగరపు కూర్పు. సిటీ పోలీస్ జట్టులోనూ, చుట్టూ ఉన్న క్లబ్బుల్లోనూ పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లు, సికింద్రాబాద్ క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగువారు, తమిళులు కలిసి ఆడారు. రాజకీయం మనుషులను విడదీసిన కాలంలో మైదానం వారిని ఒక్క జట్టుగా నిలబెట్టింది. 1948 నాటి అనుమానాలు ఇంకా గాలిలో ఉండగా, ఢిల్లీలో గెలిచిన హైదరాబాద్ జట్టును దేశం తన జట్టుగానే చూసింది. ఈ మాటకు ఉన్న బరువు ఆనాటి హైదరాబాదీలకు బాగా తెలుసు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పాఠం. ప్రతిభ ఉన్నవాణ్ని వెతికి పట్టుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. రహీం అక్కడి నుంచి మొదలుపెట్టారు. ఎడమ కాలు రానివాడికి ఎడమ కాలు నేర్పవచ్చని, బంతి వదలనివాడికి వదలడం నేర్పవచ్చని, ఆట పుట్టుకతో వచ్చే వరం మాత్రమే కాదని ఆయన నిరూపించారు. భారత క్రీడారంగం ఆ సీజన్ నుంచి నేర్చుకోవలసిన అసలు విషయం ఇదే.

తీరాంధ్ర నుంచి చూస్తే

1950లో తెలుగువారందరిదీ ఒకే రాష్ట్రం కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా సాగే రైలు దారి తీరం వెంట మద్రాసును కలకత్తాతో కలుపుతుంది. చదువుకైనా, కోర్టు పనికైనా, ఆటకైనా నెల్లూరు తీరపు యువకుడి చూపు మద్రాసు వైపే. హైదరాబాద్ మొన్నటిదాకా వేరే ప్రభుత్వం, వేరే నాణెం ఉన్న ఊరు. కాబట్టి సిటీ పోలీస్ గెలుపు ఆ రోజున నెల్లూరు కాలేజీ కుర్రాళ్లకు పొరుగు రాష్ట్రపు వార్త మాత్రమే.

1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ఆత్మత్యాగం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆ వార్త సొంత ఇంటి కథ అయింది. సిటీ పోలీస్ జట్టు 1959 నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా ఆడింది. 1961లో ఆ పేరుతోనే మరోసారి మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కొట్టింది. అయితే ఫుట్‌బాల్ బలమంతా జంట నగరాల్లోనే ఉండిపోయింది. మైదానాలు, ఉద్యోగాలు, రహీం వంటి పంతుళ్లు కలిసిన చోటే ఆట పండుతుంది. తీరప్రాంత జిల్లాల్లో ఆ మూడూ ఒకచోట చేరలేదు. రహీం పద్ధతులకు ఖర్చు లేదు గనుక అవి ఏ జిల్లా కేంద్రానికైనా చేరదగినవి. చేరకపోవడం ఆ తరానికి జరిగిన నష్టం.

ఆ సీజన్ తెరిచిన దారి

1950 గెలుపు ఒక ఏడాది ముచ్చట కాదని తర్వాతి ఏళ్లు తేల్చేశాయి. సిటీ పోలీస్ 1951, 1952, 1953, 1954లోనూ రోవర్స్ కప్పు గెలిచి వరుసగా ఐదుసార్లు నిలబెట్టుకుంది. డ్యూరాండ్‌ను 1954లో, 1957లో మళ్లీ గెలిచింది. రహీం 1963 జూన్ 11న కన్నుమూసేదాకా ఆ జట్టుతోనే ఉన్నారు.

ఢిల్లీ విజయం తర్వాత దేశం కూడా ఆయన వైపు తిరిగింది. భారత జట్టు శిక్షణ బాధ్యత ఆయనకు అప్పగించారు. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌పై సాహూ మేవాలాల్ కొట్టిన ఏకైక గోల్‌తో భారత్ బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్, లాయిక్ ఉన్నారు. చాదర్‌ఘాట్ బడిలో ఆటలు నేర్పిన పంతులు ఆసియా విజేత శిక్షకుడయ్యారు.

ఆ వెంటనే పెద్ద దెబ్బ ఎదురుచూస్తోంది. 1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో, వణికించే చలిలో, ఎక్కువమంది ఉత్త కాళ్లతో బరిలో దిగిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మన తరఫున ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. బూట్లు లేకుండా ఆడే యుగం ఆ రోజుతో ముగిసింది. ఆ ఓటమి నుంచి రహీం ఏం నేర్చుకున్నారు, భారత జట్టు ఆటను ఎలా తిరగరాశారు, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం అనే కుర్రాడు ఆయన కళ్లలో ఎలా పడ్డాడు, 1956 మెల్‌బోర్న్‌లో ఆ జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ దాకా ఎలా వెళ్లింది అన్నది వచ్చే భాగంలో.